ఆ ఒక్క నవ్వుకు ఎన్ని అర్థాలు?

1967 సెప్టెంబరు 15న అమెరికాలో ఎన్‌బీసీ చానెల్ ‘స్టార్ ట్రెక్’ రెండో సీజన్ మొదలుపెట్టింది. ఆ రోజు వచ్చిన ఎపిసోడ్ ‘అమాక్ టైమ్’. రాసింది థియడోర్ స్టర్జన్. ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష నౌకలో కెప్టెన్ కర్క్ తర్వాతి స్థానం స్పాక్‌ది. అతని తండ్రి వల్కన్ గ్రహవాసి, తల్లి మనిషి. వల్కన్లు మనసులో ఉన్నది ముఖాన పడనివ్వరు. వాళ్లకు అన్నిటికీ తర్కమే ఆధారం. అయినా ఏడేళ్లకోసారి ఒక వేళ వస్తుంది. అప్పుడు సొంత గ్రహానికి వెళ్లి జతకట్టకపోతే ప్రాణమే పోతుంది.

స్పాక్‌కు ఆ వేళ వచ్చింది. పై అధికారుల మాట కాదని కర్క్ నౌకను వల్కన్‌కు మళ్లిస్తాడు. తీరా వెళ్లాక, చిన్నప్పుడే స్పాక్‌కు ముడిపెట్టిన టిప్రింగ్ ఈ పెళ్లి వద్దని ద్వంద్వ యుద్ధం కోరుతుంది. తన పక్షాన పోరాడటానికి కర్క్‌నే ఎంచుకుంటుంది. ఒళ్లు తెలియని ఆవేశంలో స్పాక్ స్నేహితుడి గొంతు బిగించేస్తాడు. చంపేశాననే అనుకుంటాడు. నిజానికి డాక్టర్ మెకాయ్ ఇచ్చిన ఇంజెక్షన్‌కు కర్క్ స్పృహ తప్పాడంతే.

లొంగిపోదామని నౌకకు తిరిగొచ్చిన స్పాక్‌కు వెనక నుంచి కర్క్ గొంతు వినిపిస్తుంది. గిరుక్కున తిరిగి, కర్క్‌ను ‘జిమ్!’ అని పిలుస్తూ రెండు చేతులా అతన్ని పట్టుకుని నవ్వేస్తాడు. మామూలు నవ్వు కాదు, ముఖమంతా విప్పారిన నవ్వు. మరుక్షణం పక్కన డాక్టరూ నర్సూ ఉన్నారని గుర్తొచ్చి చేతులు వెనక్కి తీసుకుంటాడు. సమర్థుడైన కెప్టెన్ దక్కాడన్న తార్కికమైన ఊరట తప్ప ఇంకేమీ లేదని మెకాయ్‌కు సంజాయిషీ ఇచ్చుకుంటాడు. మెకాయ్ నమ్మడు. టీవీ ముందున్న వాళ్లూ నమ్మలేదు.

అభిమానులు పాత్రల మధ్య సంబంధాలను ఎలా చదువుతారో తెలియాలంటే ఈ అర నిమిషం చాలు. పొద్దస్తమానం నవ్వేవాడు నవ్వితే ఎవరూ పట్టించుకోరు. లియొనార్డ్ నిమోయ్ పోషించిన స్పాక్ కనుబొమ్మ ఎత్తడమే గొప్ప. అలాంటివాడి నవ్వు సాక్ష్యమవుతుంది. దేనికి సాక్ష్యం? కొందరు స్నేహానికన్నారు, కొందరు అన్నదమ్ముల అనుబంధానికన్నారు, ఇంకొందరు ప్రేమకే అన్నారు.

ఈ మూడో అర్థానికి ఊతమిచ్చినవి రెండు. మొదటిది ఆనాటి సీరియళ్ల అల్లిక. ఏ వారం కథ ఆ వారానికే ముగియాలి. ఎంత పెద్ద గాయమైనా వచ్చే వారానికి మచ్చ కూడా మిగలదు. అంత జరిగాక ఆ ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో సీరియల్ చెప్పదు. ఆ ఖాళీలోనే అభిమాని కలం పెట్టాడు. పెట్టింది అనాలి, ఎందుకంటే ఈ కథలు రాసినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. రెండోది పునఃప్రసారం. 79 ఎపిసోడ్లతో 1969లో ఆగిపోయిన సీరియల్ డెబ్బైలలో స్థానిక చానెళ్లలో మళ్లీ మళ్లీ వచ్చింది. వీడియో క్యాసెట్లు ఇళ్లలోకి రాకముందే చూపుచూపునూ లెక్కగట్టే ప్రేక్షకులు తయారయ్యారు.

1974లో ‘గ్రప్’ అనే అభిమానుల పత్రికలో డయాన్ మర్చంట్ చిన్న కథ రాశారు. అందులో ఇద్దరు ప్రేమికులు, పేర్లు చెప్పలేదు. చెప్పకపోయినా పాఠకులకు తెలిసిపోయింది. ఇద్దరి పేర్ల మధ్య గీటు పెట్టి రాసే ఈ రకం కథలకు ఆ గీటే పేరైంది: స్లాష్. అభిమానులందరూ హర్షించారనుకోవద్దు. మా పాత్రలను పాడు చేశారని కోపగించినవాళ్లూ తక్కువేం కాదు. రచయిత్రి జొవానా రస్ మాత్రం 1985లో ఈ కథలను గట్టిగా సమర్థించారు. సమాన స్థాయిలో ఉన్న ఇద్దరి మధ్య ప్రేమ ఎలా ఉంటుందో ఊహించుకోవడానికి స్త్రీలకు ఇది దారి అయిందన్నది ఆమె వాదన సారం. 1992లో హెన్రీ జెంకిన్స్, కెమిల్ బేకన్-స్మిత్ ఈ అభిమానుల మీద పుస్తకాలే వెలువరించారు.

ఉన్న కథలో లేనిది చేర్చడమేమిటని మనం విడ్డూరపడనక్కర్లేదు. వ్యాస భారతంలో లేని శశిరేఖ పెళ్లి ‘మాయాబజార్’లో చూసి మురిసినవాళ్లమే కదా.

అలాగని ప్రతి ఊహకూ ఒకే బలం ఉండదు. కర్క్ ఎందరో స్త్రీలను ప్రేమించాడు కదా అన్నది మొదటి అభ్యంతరం. వాళ్లంతా వారం తిరక్కుండానే మాయమయ్యారు, చివరిదాకా పక్కన నిలిచింది స్పాకే అన్నది జవాబు. తెలివైన జవాబే, కానీ రెండువైపులా కోస్తుంది. ఆ ప్రేమల్లాగే స్పాక్ నవ్వు ఊసు కూడా మరుసటి వారం ఎవరూ ఎత్తలేదు. నా మట్టుకు నాకు, ఆ నవ్వులో ఉన్నది మామూలు స్నేహం కన్నా పెద్దదని చెప్పడానికి సాక్ష్యం చాలు. దానికి ఫలానా పేరు పెట్టడానికి చాలదు.

ఈ చర్చ సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ దాకా వెళ్లింది. 1979లో వచ్చిన ‘స్టార్ ట్రెక్’ సినిమాను ఆయన నవలగా రాస్తూ, అడుగున ఒక వివరణ చేర్చారు. స్పాక్ మనసులో కర్క్‌ను తలచుకునే వల్కన్ మాటకు మిత్రుడు, సోదరుడు, ప్రియుడు అని మూడర్థాలూ ఉన్నాయట. మరి మీరిద్దరూ ప్రేమికులని వదంతి ఉందే అంటే, తనకు స్త్రీలే ఇష్టమని కర్క్ చెబుతాడు. పైగా ఏడేళ్లకోసారి తప్ప వేడెక్కనివాణ్ని ప్రియుడిగా ఎంచుకునేంత తెలివితక్కువవాణ్ని కాదంటాడు. ఖండించినట్టే ఉంది, తలుపు మూసినట్టు లేదు. ఏడేళ్ల లెక్క కూడా నిలబడలేదు: ఆ సీరియల్‌కు స్క్రిప్టులు చూసిన డి.సి. ఫాంటానాను అడిగితే, ఏడేళ్లకోసారి వచ్చేది తప్పించుకోలేని తంతు మాత్రమేననీ, మిగతా రోజుల్లో వల్కన్లు ఎప్పుడు కావాలంటే అప్పుడు ప్రేమించుకోవచ్చనీ చెప్పారు.