సరస్సు పొంగిన యేండ్లు

కావ్యములలోని సముద్ర పర్వత ఋతువర్ణనములతో పెరిగినవారము మేము. ప్రకృతిని గూర్చిన గ్రంథమున రోగిశయ్యకు చోటుండునని యెన్నడు ననుకొనలేదు. అమెరికా రచయిత్రి టెర్రీ టెంపెస్ట్ విలియమ్స్ 1991లో ప్రకటించిన 'రెఫ్యూజ్' చదివిన పిదప ఆ యభిప్రాయము మారినది.

యూటా రాష్ట్రమున గ్రేట్ సాల్ట్ లేక్ అను ఉప్పునీటి సరస్సు కలదు. దాని యొడ్డున బేర్ నది పేర వలసపక్షుల శరణాలయ మొకటి యున్నది. 1983 మొదలు సరస్సు పొంగి యా పక్షుల నెలవులను ముంచివేసెను. అదే కాలమున రచయిత్రి తల్లికి అండాశయమున క్యాన్సరు కనబడెను. 1987లో ఆమె గతించెను. ప్రతి యధ్యాయమునకు ఒక పక్షి పేరు, దాని క్రింద సరస్సు నీటిమట్టము అడుగులలో. ఇది పండితులకు వింతగా తోచవచ్చును గాని, పాలలెక్క ప్రక్కనే బిడ్డ జ్వరపు తేదీ వ్రాసికొను మనకు కాదు.

కడపటి వ్యాసము మమ్ము మిక్కిలి కలచివైచినది. ఎడారిలో రాత్రివేళ నొక మహాకాంతి మెరసినట్లు రచయిత్రికి ఏండ్ల తరబడి కల వచ్చుచుండెడిది. తల్లి పోయిన పిదప తండ్రితో చెప్పగా, అది కల కాదనెను. 1957లో కారులో ఇంటికి వచ్చుచు, తల్లి యొడిలో కూర్చుండి ఆమె అణుబాంబు పేలుడును చూచినదట! అప్పుడు తల్లి గర్భవతి. నెవాడా ఎడారిలో 1951 మొదలు 1962 వరకు నేలమీదను ఆకాశమునను అట్టి పరీక్షలు జరిగినవి. ఆ కాలమున నది సామాన్యవిషయ మగుటచే నెవరును ప్రత్యేకించి చెప్పలేదట. ఆ కుటుంబమున తొమ్మండుగురు స్త్రీలకు స్తనములు తొలగింపవలసివచ్చెను. వారిలో ఏడుగురు మరణించిరి. ఇది యా ధూళి ఫలమే యని నిరూపింపజాలనని రచయిత్రియే యొప్పుకొనెను. అయినను, విధేయతను నేర్పిన మార్మను సంఘమున పుట్టియు, నిషేధము మీరి యా పరీక్షాభూమిలో నడుగిడి నిర్బంధింపబడెను. నిరూపణము లేకపోవుటకంటె, ఇంటిలో అందరెరిగిన సంగతి యెవరి నోటను రాకుండుటయే మాకు భయంకరముగా తోచినది.

2012లో ప్రకటించిన 'వెన్ విమెన్ వర్ బర్డ్స్' అను గ్రంథమున మరియొక సంగతి కలదు. తన దినచర్యపుస్తకములన్నియు కుమార్తెకే యని, తాను పోయిన పిదపనే చూడవలయునని తల్లి చెప్పెను. మూడు అరల నిండ పుస్తకములు. తెరచి చూడగా అన్నియు తెల్లకాగితములే! దినచర్య వ్రాయుట ఆ సంఘస్త్రీలకు విధి. తల్లి బ్రదికిన 54 ఏండ్లకు సరిగా 54 ప్రకరణములలో కుమార్తె యా మౌనమును గూర్చి యాలోచించినది. మాకు మాత్రము తీరికలేమియే ముందు తోచినది.

ఆ పుస్తకము మూసి, మా తల్లిగారి పద్దుపుస్తకమును వెదకి తెచ్చుకొంటిమి. పాలలెక్కల నడుమ నొకచోట 'జ్వరము, నాలుగవ దినము' అని యున్నది. ఎవరికో వ్రాయలేదు.