వాహనాల షెడ్డులో ప్లగ్గు, వైరింగు: భద్రతా సూత్రాలు

హాలియా వంటి పట్టణంలో గ్యారేజీ పని చేసేది ఇంటి ముందరి రేకుల షెడ్డే. బండి, ట్రాక్టరు, స్ప్రేయరు అన్నీ అక్కడే ఉంటాయి. సాగర్ ఎడమ కాలువ కింది పొలాల నుంచి వచ్చిన ట్రాక్టరును కడిగేదీ అక్కడే. తడి నేల, ఇనుప స్తంభాలు, చెప్పులు లేని కాళ్లు. వీటికి ఇప్పుడు బ్యాటరీ స్కూటరు ఛార్జింగు తోడైంది.

“మా ఇంట్లో ఎం.సి.బి. ఉంది కదా” అని చాలామంది ధీమాగా ఉంటారు. అది కాపాడేది వైరును, మనిషిని కాదు. లెక్క వేసి చూడండి. తడిసిన మనిషి శరీర నిరోధం 1000 ఓమ్‌లు అనుకుంటే, 230 వోల్టుల వద్ద ప్రవహించే కరెంటు 0.23 ఆంపియర్లు. ప్రాణం తీయడానికి అది చాలు. 16 ఆంపియర్ల ఎం.సి.బి.కి మాత్రం అది లెక్కలోకే రాదు.

మరి ఎర్తింగు ఉంటే? ఎర్త్ నిరోధం 10 ఓమ్‌లైతే, లోపం ఏర్పడినప్పుడు భూమిలోకి పోయేది దాదాపు 23 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ‘బి’ రకం ఎం.సి.బి. తక్షణం పడాలంటే 48 నుంచి 80 ఆంపియర్లు కావాలి. అంతవరకు యంత్రం పైతొడుగులో కరెంటు ఉన్నట్టే. పైగా మన చెలక నేలలు ఎండాకాలంలో ఎండిపోతే ఎర్త్ నిరోధం ఇంకా పెరుగుతుంది.

కాబట్టి షెడ్డు సర్క్యూట్‌కు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉండాలి. పోయిన కరెంటుకూ తిరిగి వచ్చిన కరెంటుకూ తేడా వస్తే అది క్షణంలో సరఫరా ఆపుతుంది. ఇలాంటి రక్షణను అమెరికా విద్యుత్ నియమావళి ఇళ్ల గ్యారేజీలకు 1978లోనే తప్పనిసరి చేసింది. ఒక్క మాట: ఫేజు, న్యూట్రలు రెండూ ఒకేసారి పట్టుకున్న వాణ్ని ఇది కాపాడలేదు.

ఇక ప్లగ్గు స్థానం. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. నేలను అంటిపెట్టుకుని ఉంటుంది. స్విచ్చు వేసినప్పుడు వచ్చే చిన్న నిప్పురవ్వ దానికి చాలు. అందుచేత ప్లగ్గు నేలనుంచి సుమారు 1.2 మీటర్ల ఎత్తున, నీళ్ల కుళాయికి దూరంగా, బండి నిలిపే చోటికి దగ్గరగా ఉండాలి. దూరమైతే ఎక్స్‌టెన్షన్ బోర్డు తడి నేలమీదికి వస్తుంది. నేను చూసిన షెడ్లలో ఎక్కువ తప్పు ఇదే. స్కూటరు ఛార్జింగుకు విడిగా 16 ఆంపియర్ల సాకెట్టు, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, ఎర్త్ తీగ వేయించండి. తీగలను రేకులకు కట్టవద్దు, పైపులోనుంచి తీయించండి.

అభ్యాసం: మీ షెడ్డులోని ప్లగ్గుల్లో మూడో పిన్ను విరిచినవి ఎన్ని? మీటరు పెట్టెలో ‘టెస్ట్’ బటన్ ఉన్న స్విచ్చు ఉందా? ఉంటే నొక్కి చూడండి. పడకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి.