సముద్రపు నాచు చెప్పెడి సాక్ష్యము

మురుగు వచ్చి చేరెడి చెఱువును గుఱ్ఱపుడెక్క కప్పివేసినపుడు, దారిన పోవు పరదేశి ఎంత పచ్చని చెఱువని మెచ్చుకొనవచ్చును. ఆ యూరివారెవ్వరును మెచ్చుకొనరు. ఒక్క మొక్కయే నీటినంతయు నాక్రమించినచో తక్కిన ప్రాణులకు అచ్చట బ్రతుకు లేదని వారికి తెలియును. సముద్రతీరపు మంచిచెడ్డలను నాచునుబట్టి నిర్ణయించు పరీక్షకు ఈ సంగతియే మూలము.

తీరమందలి రాళ్లపై పెరుగు నాచు ఒక్క జాతి కాదు. బ్రిటిషు దీవుల చుట్టునే 600కు మించిన జాతులు కలవు. వీనిని ఆకుపచ్చనివి, గోధుమవన్నెవి, ఎఱ్ఱనివి యని మూడు తెగలుగా విభజించిరి. నాచునకు పైరువలె వేళ్లతో ఆహారము గ్రహించు పని లేదు. రాతిని పట్టుకొని నిలిచి, ఒడలెల్ల నీటినుండియే పోషణము పొందును. సీసాలో పట్టిన నీరు ఆనాటి సంగతి మాత్రమే చెప్పును. కదలక ఏండ్ల తరబడి ఒకేచోట నిలిచిన మొక్క గడచిన దినముల సంగతియు చెప్పును.

మురుగునీరును, ఎరువులలోని నత్రజనియు సముద్రమున కలిసినపుడు ఏమగును? ఉల్వా అను ఆకుపచ్చని నాచు కాగితమువలె పలుచనిది. దొరికిన ఆహారమును త్వరగా పీల్చుకొని త్వరగా పెరుగును. నెమ్మదిగా పెరుగు గోధుమవన్నె నాచులకును, సుకుమారమైన ఎఱ్ఱ నాచులకును అంతట వెలుతురు, చోటు కఱవగును. ఒక్కొక్క జాతియే తొలగిపోవును. రాయి మాత్రము మునుపటికంటె పచ్చగా కన్పట్టును! ఫ్రాన్సు దేశమున బ్రిటనీ తీరమునకు పొలముల ఎరువులు, పందుల పెంట ఏఱుల వెంబడి చేరుటవలన, ఉల్వా గుట్టలుగా ఒడ్డునబడి కుళ్లుచుండును. 2009లో అట్టి కుళ్లునుండి వెలువడిన విషవాయువు సోకి ఒక గుఱ్ఱము చచ్చెను. రౌతు స్పృహ తప్పెను. ఆ ఎరువు వేసిన రైతు ఆ తీరమును ఎన్నడును చూచియుండకపోవచ్చును.

యూరపు దేశముల కూటమి 2000వ సంవత్సరమున చేసిన జలశాసనము, తీరజలముల స్థితిని జీవరాసులనుగూడ చూచి నిర్ణయింపవలెనని విధించెను. దానిననుసరించి బ్రిటిషు, ఐరిషు శాస్త్రజ్ఞులు ఏర్పఱచిన పద్ధతి చక్కనిది. వేసవిలో పెద్ద ఆటువేళ రాళ్లు బయటపడగా, గుంటలు, నెఱియలు, రాతి నీడలు వెదకి, ఎన్ని జాతులున్నవో లెక్కింతురు. అన్ని జాతులను గుర్తించుట పండితులకే కష్టము గనుక సుమారు 70 పేర్ల పొట్టి జాబితా కూర్చుకొనిరి. జాతుల సంఖ్య, వానిలో ఎఱ్ఱనివెన్ని, ఆకుపచ్చనివెన్ని, త్వరగా పెరిగి చోటు నాక్రమించునవెన్ని, నిదానముగా పెరుగునవెన్ని అని చూతురు. తూకముతో పని లేదు. ఒక ఏడు కన్పించిన జాతి మఱుసటియేడు లేకపోవచ్చును, బదులు వేఱొకటి రావచ్చును. కలత లేనిచోట మొత్తము సంఖ్య మాత్రము ఇంచుమించు నిలుకడగా నుండును. అందుచేతనే అది తగ్గుట గమనింపదగిన సంగతి.

ఇచ్చట న్యాయము ఒకటి పాటింతురు. గుంటలు, నెఱియలు లేని నున్నని రాతిపై సహజముగానే జాతులు తక్కువ. చౌడుభూమిని మాగాణితో పోల్చి తప్పుపట్టరు గదా! కావున మొదట ఆ తీరపు రాతి స్వభావమునకు మార్కులు వేసి, దానికి తగినట్లు లెక్కను సరిచేయుదురు. తుదకు సున్న మొదలు ఒకటి వఱకు అంకె వచ్చును, 0.6కు తగ్గినచో ఆ నీటిని బాగుచేయు పూచీ ప్రభుత్వముపై పడును.

ఇసుకతీరమున ఈ పరీక్ష సాగదు, నాచు పట్టుకొనుటకు రాయి కావలెను. మన తెలుగు తీరము చాలవఱకు ఇసుక. విశాఖపట్టణపు రాళ్లు అందుకు భిన్నము. అచ్చటి నాచులు ఆటుపోటుల నడుమ ఏ మట్టమున ఎట్లు పెరుగునో ఉమామహేశ్వరరావు, శ్రీరాములుగార్లు పరిశోధించి 1964లోనే ప్రకటించిరి. బ్రిటిషు జాబితా ఈ వెచ్చని నీటికి పనికిరాదు. ఇచ్చటి పరీక్షకు ఇచ్చటి జాబితాయే కావలెను; దానిని కూర్చుటకు అట్టి పాత లెక్కలే ఆధారము.