ఎ.అవుట్ నుంచి ఆర్‌పాత్ దాకా

సి భాష నేర్చుకునే విద్యార్థికి మొట్టమొదట ఎదురయ్యే ఫైలు పేరు ఎ.అవుట్. ఏ పేరూ చెప్పకుండా జీసీసీ కంపైలర్‌కు ప్రోగ్రాం అప్పగిస్తే, మనం ఉన్న డైరెక్టరీలోనే ఆ పేరుతో ఫలితం పడుతుంది. రెండో ప్రోగ్రాం కంపైల్ చేయగానే మొదటిది చెరిగిపోతుంది. ఈ పేరుకు అర్ధ శతాబ్దం దాటిన చరిత్ర ఉంది. పీడీపీ-7 యంత్రం కోసం కెన్ థాంప్సన్ అసెంబ్లర్ రాసిన రోజుల్లో దానికి తోడుగా లింకర్ అనేదే లేదు. ప్రోగ్రాం మొత్తాన్నీ అసెంబ్లర్‌కే ఇచ్చేవారు. నేరుగా నడిచే ఫైలు ఒకే నిర్ణీతమైన పేరుతో బయటికి వచ్చేది. అసెంబ్లర్ అవుట్‌పుట్ కనుక ఎ.అవుట్. తర్వాత లింకర్ వచ్చినా, వేరే పేరు పెట్టుకునే వీలు కలిగినా పాత పేరే నిలిచిపోయిందని సి భాష చరిత్ర రాస్తూ డెనిస్ రిచీ వివరించాడు. నేడు ఆ పేరుతో మన చేతికి వస్తున్నది లింకర్ ఫలితం.

రైతు చేలో కోసిన పంటను కళ్లంలో నూర్చి, గింజలను గాదెలో పోస్తాడు. ప్రోగ్రాం నిర్మాణానికీ ఈ మూడు చోట్లూ కావాలి: సోర్స్ ఉండే చోటు, బిల్డ్ జరిగే చోటు, పూర్తయిన ప్రోగ్రాం ఇన్‌స్టాల్ అయ్యే చోటు. '-ఓ' ఆప్షన్‌తో ఫలితం పేరు, దారి రెండూ మనమే నిర్ణయించవచ్చు. బిల్డ్‌కు వేరే డైరెక్టరీ ఉంటే దాన్ని ఎప్పుడైనా నిర్భయంగా తుడిచేయవచ్చు. ఒకే సోర్స్ నుంచి డీబగ్, రిలీజ్ రూపాలను పక్కపక్కనే నిలుపుకోవచ్చు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 1976లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ బెల్ ల్యాబ్స్‌లో రూపొందించిన మేక్, ఫైళ్లు మారిన సమయాలను పోల్చి ఏది మళ్లీ కంపైల్ చేయాలో తేలుస్తుంది. ఫలితాన్ని వేరే చోటికి పంపి, ఆ దారిని మేక్‌ఫైల్ నియమంలో రాయకపోతే, ఫైలు ఇంకా పుట్టలేదనుకుని ప్రతిసారీ పని మొదటికి తెస్తుంది.

విద్యార్థులను ఎక్కువగా కలవరపెట్టేది లింకింగ్. స్థిరసంఖ్య 2.0కు వర్గమూలం కనుక్కునే ప్రోగ్రాం గణిత లైబ్రరీని జతచేయకపోయినా చక్కగా నడుస్తుంది. ఎందుకంటే ఆ విలువను జీసీసీ కంపైల్ చేసేటప్పుడే లెక్కగట్టేస్తుంది. అదే సంఖ్యను వాడేవారి నుంచి తీసుకుంటే, లైనక్స్‌లో 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్' అనే దోషం వస్తుంది. '-ఎల్‌ఎమ్' చేర్చాలి. అయినా దాన్ని ఆదేశంలో ముందు రాస్తే దోషం పోకపోవచ్చు. లింకర్ పేర్లను ఎడమ నుంచి కుడికి చదువుతుంది. ప్రతి ఆబ్జెక్ట్ ఫైలు నుంచీ 'ఇవి ఇంకా దొరకలేదు' అనే చిట్టా కూడుతుంది. స్టాటిక్ లైబ్రరీ తగిలినప్పుడు, అప్పటికి చిట్టాలో ఉన్నవాటికి సరిపడే భాగాలనే తీసుకుని ముందుకు సాగుతుంది. చిట్టా ఖాళీగా ఉండగా దాటిపోయిన లైబ్రరీ వైపు మళ్లీ తిరగదు. కాబట్టి అడిగే ఫైలు ముందు, ఇచ్చే లైబ్రరీ వెనుక ఉండాలి. ఉబుంటులో షేర్డ్ లైబ్రరీలకూ ఈ క్రమం పాటించాల్సిందే; అక్కడి జీసీసీ అవసరం పడని లైబ్రరీలను వదిలేయమని లింకర్‌కు ముందే చెబుతుంది.

ఇంతకన్నా లోతైన పొరపాటు మరొకటుంది. పెద్ద ఎల్‌తో ఇచ్చే దారి, లైబ్రరీ కోసం లింకర్ వెతికే చోటు. అది లింకింగ్ వేళకే పరిమితం. షేర్డ్ లైబ్రరీతో కట్టిన ప్రోగ్రాంను నడిపేటప్పుడు వెతికేది డైనమిక్ లోడర్. దానికి ఆ దారి తెలియదు. 'లింక్ అయింది, నడవడం లేదు' అనే ఫిర్యాదుకు తరచుగా కారణం ఇదే. ఎల్‌డీ లైబ్రరీ పాత్ అనే వేరియబుల్‌తో సర్దుకోవడం ప్రయోగాలకు సరే, ఇతరులకు అందించే ప్రోగ్రాంకు తగదు. '-డబ్ల్యూఎల్' ద్వారా లింకర్‌కు ఆర్‌పాత్ అందిస్తే, వెతకాల్సిన దారి ప్రోగ్రాంలోనే నమోదవుతుంది. అందులో డాలర్ ఆరిజిన్ అని రాస్తే ప్రోగ్రాం ఎక్కడుంటే అక్కడి నుంచే వెతుకులాట మొదలవుతుంది. బిల్డ్ డైరెక్టరీ పూర్తి దారిని అందులో వదిలేయడం మాత్రం ప్రమాదం. ఆ చోట రాసే అనుమతి ఉన్న మరొకరు అదే పేరుతో నకిలీ లైబ్రరీని పెట్టగలరు. సీమేక్ అనే బిల్డ్ సాధనం ఇన్‌స్టాల్ చేసేటప్పుడు బిల్డ్ నాటి ఆర్‌పాత్‌ను తొలగించేది ఈ దారులు గాదె దాకా వెళ్లకూడదనే.

కళాశాల ల్యాబ్‌లలో సి బోధించే అధ్యాపకులకు నా విన్నపం ఒక్కటే. తొలి వారంలోనే ఒక గంట దీనికి కేటాయించండి. ఎ.అవుట్‌ను విద్యార్థుల చేతే రీడెల్ఫ్ అనే సాధనంతో, '-డి' ఆప్షన్ ఇచ్చి తెరిపించండి. ఆ ప్రోగ్రాం ఏయే లైబ్రరీలను అడుగుతోందో, ఏ దారులను వెంటబెట్టుకుందో అందులో వరుసగా కనిపిస్తాయి.