డాష్‌బోర్డు మీద దీపాలన్నీ ఒకేసారి వెలిగితే

పొద్దున్నే స్టార్ట్ బటన్ నొక్కగానే ఏబీఎస్, బ్రేకు, స్టీరింగు, ఇంజిను, హైబ్రిడ్ సిస్టమ్ అంటూ హెచ్చరిక దీపాలు వరసగా వెలుగుతాయి. సెంటర్ లాక్ పనిచేయదు, పవర్ విండో దిగదు. కారు పదేళ్లు దాటిన హైబ్రిడ్ అయితే "పెద్ద బ్యాటరీ పోయింది సార్" అన్న తీర్పు వెంటనే వచ్చేస్తుంది. ఆ తీర్పుకు తొందరపడకూడదు.

వాడంతా కరెంటు పోతే ఎవరింట్లో బల్బు వాళ్లు విప్పి చూసుకోరు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వెళ్తారు. పొత్తులేని అయిదారు భాగాలు ఒకే ఉదయం విడివిడిగా చెడిపోవడం అరుదు. వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నవి మూడు: 12 వోల్టుల సరఫరా, ఎర్తింగు, కంప్యూటర్లు పరస్పరం మాట్లాడుకునే తీగలు. వెతుకులాట అక్కడే మొదలవ్వాలి.

మన దేశానికి హోండా సివిక్ హైబ్రిడ్ 2008లో, టయోటా ప్రియస్ 2010లో, కామ్రీ హైబ్రిడ్ 2013లో వచ్చాయి. ఆ తరం కామ్రీలో వెనక సీటు వెనకాల 204 నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్‌తో 244.8 వోల్టుల పెద్ద బ్యాటరీ ప్యాక్ ఉంటుంది. దాంతోపాటు మామూలు కారులో ఉన్నట్టే 12 వోల్టుల చిన్న బ్యాటరీ కూడా ఉంటుంది. చిక్కంతా ఈ చిన్నదానితోనే. పెట్రోలు కారులో బ్యాటరీ నీరసిస్తే సెల్ఫ్ ఈడుస్తూ తిరుగుతుంది, మనకు ముందే తెలిసిపోతుంది. కామ్రీ, ప్రియస్‌లలో ఇంజినును తిప్పేది పెద్ద ప్యాక్. చిన్న బ్యాటరీ కంప్యూటర్లను లేపి, రిలేలను మూస్తే చాలు. ఆ కాస్త పనికి చివరిదాకా సరిపోతున్నట్టే ఉంటుంది. ఒకరోజు బ్రేకు పంపు ఒక్కసారిగా కరెంటు లాగగానే వోల్టేజి జారిపోతుంది. ఏ కంప్యూటర్‌కు ఆ కంప్యూటర్ తన లోపం కోడ్ రాసుకుంటుంది. దీపాలన్నీ వెలుగుతాయి.

కాబట్టి ముందు మల్టీమీటర్ తీయాలి. రాత్రంతా నిలిపి ఉంచిన కారులో బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపించాలి. 12 కన్నా తగ్గితే అనుమానించాల్సిందే. హెడ్‌లైట్లు వేసి మళ్లీ కొలవాలి, ఎందుకంటే లోడ్ పడితేనే నిజం బయటపడుతుంది. 'రెడీ' లైటు వచ్చాక రీడింగు దాదాపు 14కు ఎక్కాలి. ఈ కార్లలో ఆల్టర్నేటర్ ఉండదు, పెద్ద ప్యాక్ కరెంటును తగ్గించి ఇచ్చే డీసీ-డీసీ కన్వర్టరే చిన్నదాన్ని చార్జ్ చేస్తుంది. రీడింగు ఎక్కకపోతే ఆ కన్వర్టర్ వైపు చూడాలి.

తర్వాతది ఎర్తింగు. బాడీకి బిగించిన నట్టు కింద తుప్పు పట్టినా, తీగలో ఒక్క పోగే మిగిలినా ఓమ్ మీటర్ అంతా బాగుందనే చెబుతుంది. లైట్లు, ఫ్యాను వేసి బ్యాటరీ నెగెటివ్‌కూ బాడీకీ మధ్య వోల్టేజి కొలవాలి. 0.2 వోల్టులు దాటితే నట్టు విప్పి గీకాల్సిందే.

మూడోది క్యాన్ బస్. బాష్ కంపెనీ 1986లో లోకానికి చూపిన ఈ పద్ధతిలో కంప్యూటర్లన్నీ మెలిపెట్టిన రెండు తీగల మీదే మాట్లాడుకుంటాయి. ఆ జంట రెండు కొసల్లో 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటాయి. కారు పూర్తిగా ఆపేసి, కోడ్‌లు చదివే స్కానర్ పెట్టే సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య కొలిస్తే 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే ఎక్కడో తీగ తెగింది, సున్నాకు దగ్గరైతే రెండూ అంటుకున్నాయి. స్కానర్‌లో 'యూ'తో మొదలయ్యే కోడ్‌లు ఈ మాటలు ఆగిపోయినప్పుడు వచ్చేవే. ఇంజిన్ కంప్యూటర్ పలకడం లేదని మిగతా నాలుగు కంప్యూటర్లు ఫిర్యాదు చేస్తుంటే, ఆ నాలుగింటినీ మార్చి లాభం లేదు. పలకనిదానికి కరెంటు, ఎర్త్ అందుతున్నాయో లేదో చూడాలి.

అయితే వరంగల్ లాంటి ఊళ్లో నిజంగానే రెండు మూడు లోపాలు కలిసి రావచ్చు. 2023 జులై వానలకు అక్కడి హంటర్ రోడ్డు, ఎన్టీఆర్ నగర్ ప్రాంతాలు మునిగాయి. అలా నీళ్లు చేరిన కారు ఆరాక మామూలుగానే నడవొచ్చు. కానీ కార్పెట్ కింది కనెక్టర్లలో బురద తేమ మిగిలితే నెలల తర్వాత పచ్చటి చిలుము పడుతుంది. అక్కడి ఏనుమాముల మార్కెట్ చుట్టూ పత్తి నూగు ఎగురుతుంటుంది. వెనక సీటు దగ్గరుండే ప్యాక్ ఫ్యాను జాలీకి నూగూ దుమ్మూ పడితే గాలి అందదు, ఓరుగల్లు ఎండలకు సెల్స్ త్వరగా ముసలివవుతాయి. బానెట్ కింద ఎలుకలు తీగలు కొరకడం సరేసరి.

అందుకే కోడ్‌లు చెరిపేయక ముందే ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి. కోడ్ పడిన క్షణంలో కారు వేగం, వేడి, వోల్టేజి ఎంతో చెప్పే ఫ్రీజ్ ఫ్రేమ్ వివరాలు చెరిపితే పోతాయి. సరఫరా, ఎర్త్, తీగలు సరిచేశాక చెరిపి నడిపితే, మళ్లీ వచ్చే కోడ్‌లే అసలైనవి. అప్పుడూ ప్యాక్ లోపాన్ని సూచించే పీ0ఏ80 కోడ్ తిరిగొస్తే ప్యాక్‌ను అనుమానించాలి. కామ్రీ ప్యాక్‌లోని 17 సెల్ బ్లాకుల వోల్టేజీలను స్కానర్‌లో పక్కపక్కన పెట్టి చూస్తే బలహీనమైనది తెలుస్తుంది. సెల్స్‌ను కలిపే రాగి పట్టీల చిలుము కూడా ఇదే తేడా చూపిస్తుంది కనుక అదీ చూడాలి.

నారింజ రంగు కేబుళ్ల జోలికి మాత్రం ఇంటి దగ్గర ఎవరూ వెళ్లకూడదు. శిక్షణ పొందిన మెకానిక్ కూడా వెయ్యి వోల్టులు తట్టుకునే గ్లౌజులు తొడుక్కుని, సర్వీస్ ప్లగ్ తీసి, కెపాసిటర్లలోని కరెంటు దిగేందుకు కనీసం 10 నిమిషాలు ఆగి, మీటర్‌తో సున్నా చూసుకున్నాకే చేయి పెట్టాలి.