వినబడలేదు, మాస్టారూ!

మా పెద్దత్తకు ఎనభై ఒకటో ఏడు. కశింకోట అవతల ఒక చిన్న పల్లెలో ఉంటుంది. ఆవిడకు దంపుళ్ళ పాటలు ఎన్ని వచ్చునో ఆవిడకే తెలియదు. వాటిలో పెద్దది ఒకటుంది. అత్తవారింటికి వెళ్ళబోయే చెల్లెలు అన్నగారి ఎదుట నిలబడి ఒక్కొక్క వస్తువే అడుగుతుంది. అన్నగారు ఒక్కొక్కటే ఇస్తూ వస్తాడు. చిట్టచివర ఆ పిల్ల ఏదో అడుగుతుంది. అది మాత్రం ఆయన ఇవ్వలేడు. నా చిన్నతనంలో పెళ్ళి పసుపు దంచేటప్పుడు, పాట ఆ చోటికి వచ్చేసరికి ఆడవాళ్ళు రోకళ్ళు ఆపి కళ్ళు తుడుచుకునేవారని లీలగా జ్ఞాపకం. ఆ పిల్ల అడిగినదేమిటో మాత్రం నాకు జ్ఞాపకం లేదు.

పోయిన దసరా సెలవులలో ఈ పాటను వీడియో తీద్దామని బుద్ధి పుట్టింది. ఎమ్మే తెలుగు చదివి, ఇరవై ఏళ్ళ పైచిలుకు పాఠాలు చెబుతున్నవాడు ఆ మాత్రం చెయ్యకపోతే ఎల్లా అనిపించింది. కొత్త ఫోను కూడా చేతిలో ఉంది. అత్తను వీధి గదిలో మంచం మీద కూర్చోబెట్టి, ఉక్కపోస్తోందేమోనని నేనే స్వయంగా లేచి ఫాను వేసి, పదకొండు నిమిషాల పాట నిక్షేపంగా తీశాను. ఫోను కదలకుండా బియ్యం డబ్బాకు ఆనించాను కూడా. ఆ తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆ రాత్రే మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఇహ చూడండి, పొగడ్తలు! "బ్రహ్మాండం", "అద్భుతం", "మన సంస్కృతిని నిలబెట్టావురా", నమస్కారాలు, చప్పట్లు. డల్లాసులో ఉన్న మేనల్లుడు "కళ్ళు చెమర్చాయి మామయ్యా" అని రాశాడు. పదకొండు నిమిషాల పాటకు వాడి కళ్ళు రెండో నిమిషంలోనే ఎల్లా చెమర్చాయన్న సంగతి ఆ సంతోషంలో నాకు తట్టలేదు. మా ఆవిడ మాత్రం ఏమీ అనలేదు. ఆవిడకు సాహిత్యాభిరుచి తక్కువని సరిపెట్టుకున్నాను.

ఆ ఉత్సాహంతో యూట్యూబులో కూడా పెట్టాను. మూడో నాడు నా పాత శిష్యుడొకడి దగ్గర్నుంచి సందేశం వచ్చింది. "మాస్టారూ, ఫాను చప్పుడు ఎక్కువగా ఉందండి. ఆరో నిమిషం దాటాక అమ్మమ్మగారి మాట వినబడలేదు. ఆవిడ ఓపికగా ఉన్నప్పుడే ఫాను ఆపి మరోసారి తియ్యండి. కాలరుకు పెట్టుకునే చిన్న మైకు నా దగ్గర ఉంది. ఎప్పుడు రమ్మంటే అప్పుడు పట్టుకొస్తాను."

నాకు ఒళ్ళు మండింది. జవాబు ఏమని రాశానో చెబితే మీరు నవ్విపోతారు. అయినా చెబుతాను. "జానపద సాహిత్యాన్ని ఆస్వాదించడానికి కావలసింది చెవులు కాదు, హృదయం" అని రాశాను. అతను ఒక నమస్కారం పంపి ఊరుకున్నాడు.

ఒళ్ళు మండటానికి అసలు కారణం ఫాను కాదు. ఆ కుర్రవాడికీ నాకూ మధ్య వెనకటి కథ ఒకటుంది. అతను పాత బాకీ తీర్చుకుంటున్నాడని అనుకున్నాను.

2023లో మా పిల్లలు కొందరు ఫోన్లతో చిన్న చిన్న చిత్రాలు తీసి ఒక సాయంత్రం ప్రదర్శించారు. వాటి మీద అభిప్రాయం చెప్పమని నన్ను వేదిక ఎక్కించారు. ఈ కుర్రవాడి చిత్రం తొమ్మిది నిమిషాలు. చెరకు గానుగ దగ్గర బెల్లం వండే ముసలాయన కథ. పెనంలో రసం పొంగుతుంటే, ఆ ముసలాయన పాకాన్ని చన్నీళ్ళలో వేసి వేళ్ళతో ఉండ కట్టి చూసి, మనమడితో నాలుగు మాటలు చెబుతాడు. అనకాపల్లి బెల్లం మార్కెట్టు పేరు దేశమంతా ఎరుగును గాని, ఆ బెల్లం వెనక ఉన్న ఆ వేళ్ళను అంత దగ్గరగా చూపించినవాణ్ణి నేను అంతకు మునుపు చూడలేదు. ఈ మాటే వేదిక మీద చెప్పి కూర్చుని ఉంటే ఎంత బాగుండేది!

చెప్పలేదు. ముసలాయన "ఏటైపోనాది?" అన్నాడు. "ఎల్లొచ్చీసినాను" అన్నాడు. నాలో ఉన్న ఎర్రసిరా కలం లేచి కూర్చుంది. మైకు పుచ్చుకుని, "ఈ చిత్రంలో తెలుగు తప్ప అన్నీ ఉన్నాయి" అన్నాను. హాలంతా గొల్లుమంది. నాకు నా చమత్కారం మీద గర్వం కలిగింది. ఆ కుర్రవాడు తల వంచుకున్నాడు. తరువాత అతను మరో చిత్రం తియ్యలేదని విన్నాను. పరీక్షల ఒత్తిడి కాబోలుననుకున్నాను.

ఇప్పుడు ఫాను సంగతికి వద్దాం. జవాబైతే రాశాను గాని, మనసు ఊరుకోదు కదా! ఒక రాత్రి అందరూ పడుకున్నాక చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నా వీడియో నేనే విన్నాను. ఆరో నిమిషం దాకా ఫరవాలేదు. అత్త అలిసిపోయి గొంతు తగ్గించిన దగ్గర్నుంచి గరగరగర అని ఒకటే మోత. ఆవిడ పెదవులు కదులుతూంటాయి, పాడేది మాత్రం ఫాను!

ఆనాడు ఆ గదిలో కూర్చున్న నాకు ఈ మోత ఎందుకు వినబడలేదు? తరువాత తెలుసుకున్నాను. మన చెవి వెనక మెదడు ఉంది. అది అక్కరలేని చప్పుళ్ళను తోసేసి, అక్కరైన గొంతును ఏరుకుంటుంది. ఫోనులోని మైకుకు ఆ విచక్షణ తక్కువ. పైగా, గొంతు తగ్గినప్పుడు సరిపెట్టడానికి అది తనంతట తానే శక్తి పెంచుకుంటుంది. ఆ పెంపకంలో గొంతుతోబాటు ఫానూ పెరుగుతుంది. అందుకనే మాట్లాడేవారికి మైకు జానెడు దూరంలో ఉండాలంటారు. ఫోను నేను ఆరడుగుల దూరాన బియ్యం డబ్బాకు ఆనించాను!

నలభైమందికి పైగా ఉన్న గ్రూపులో ఒక్కరూ ఈ మాట చెప్పలేదు. మర్నాడు మా ఆవిణ్ణి అడిగాను. "నాకు మొదటి రోజే వినబడలేదండీ. చెబితే మీరు కోప్పడతారని ఊరుకున్నాను" అంది. నిజమే, కోప్పడేవాణ్ణే. 'కవిత్వతత్త్వ విచారము' 1914లో అచ్చయి పండితులలో ఎంత కలకలం రేపిందో పిల్లలకు ఏటేటా ఉత్సాహంగా చెబుతాను. రామలింగారెడ్డిగారి నిర్మొగమాటాన్ని మెచ్చుకుంటాను. ఆ నిర్మొగమాటం నా గుమ్మంలోకి వస్తే మాత్రం తలుపు వేస్తాను.

మా నాన్నగారి కాలంలో ఇల్లా ఉండేది కాదనిపిస్తుంది. ఆయన పరిషత్తు నాటకాలు ఆడేవారు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టిన తరువాత ఊరూరా ఔత్సాహిక సమాజాలకు పోటీల పిచ్చి పట్టింది కదా. పగలు ఉద్యోగాలు, రాత్రి రిహార్సళ్ళు. మా నాన్నగారి బృందానికి బెల్లం కొట్టు గుమాస్తా ఒకాయన ఉండేవాడు. ఆయన వేషం కట్టడు, తెర లాగడు. రిహార్సలు జరిగినంతసేపూ గదిలో చివరి బెంచీ మీద కూర్చుని, చెవి వెనక చెయ్యి పెట్టుకుని, ఉండి ఉండి ఒకే మాట అనేవాడు: "వినబడలేదు." అంతే. బాగుందనడు, బాగులేదనడు. ఆ మాట పడగానే ఆ సంభాషణ మళ్ళీ మొదటినుంచి చెప్పేవారు. ఆయన రాని రోజున రిహార్సలు సాగదని మా నాన్నగారు చెప్పేవారు. ఆ గుమాస్తాకు మీసాలు పెద్దవి, జీతం చిన్నది. ఈ వివరం ఇక్కడ అక్కరలేదు గాని, ఆయన నా కళ్ళకు కట్టినట్టున్నాడు.

ఆయన మాటలోని గొప్ప అంతా అది పడే వేళలో ఉంది. ప్రదర్శనకు ముందు, ఇంకా దిద్దుకునే వీలున్నప్పుడు, ఇదిగో ఈ మాట దగ్గర అని చోటు చూపించి అనేవాడు. నా శిష్యుడి సందేశంలోనూ ఇవే ఉన్నాయి. ఆరో నిమిషం అని చోటు చెప్పాడు. ఫాను అని కారణం చెప్పాడు. ఆపి మళ్ళీ తియ్యమని ఉపాయం చెప్పాడు. తన మైకు ఇస్తానన్నాడు. మరి నేను వేదిక మీద చేసినదేమిటి? పని ముగిసిపోయాక, నలుగురి ముందు, దిద్దుకోవడానికి ఏ దారీ చూపకుండా నవ్వించాను. అది విమర్శ కాదు, నా ప్రదర్శన.

ఇప్పటి వీడియోల కింద జరిగేదీ ఇంచుమించు ఇదే. ముక్కూ మొహం తెలియనివాడు "చెత్త" అని ఒక్క మాట రాసి పోతాడు. ఆ చెత్త ఏ మూలనుందో చెప్పడు. పనిగట్టుకుని గుంపుగా వచ్చి, బొటనవేలు కింది వైపు చూపే గుర్తును నొక్కిపోయేవారు ఎక్కువయ్యారని, చిన్నవాళ్ళకే ఆ బాధ అధికమని, 2021 నవంబరులో యూట్యూబువారు ఆ అయిష్టాల లెక్కను చూసేవారికి కనబడకుండా దాచేశారు. వీడియో పెట్టినవాడికి మాత్రం లోపల కనబడుతూనే ఉంటుంది. నా వీడియోకు అల్లాంటివి రెండున్నాయి. ఒకటి మా ఆవిడదని నా అనుమానం.

భాష సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నా తప్పు సగమే ఒప్పుకున్నట్టవుతుంది. గురజాడ అప్పారావుగారు 1862లో పుట్టిన ఎస్. రాయవరం ఇవాళ మన అనకాపల్లి జిల్లాలోనే ఉంది. జనం నాలుక మీది తెలుగును నాటకంలోకి తెచ్చిన మనిషి పుట్టిన జిల్లాలో నిలబడి, చెరకు రైతు మాటను నేను తప్పులపట్టీలో వేశాను! ఆ మహానుభావుడైనా రాసినదాన్ని రాసినట్టే ఉంచుకున్నాడా? 1897లో అచ్చయిన 'కన్యాశుల్కా'న్ని 1909 నాటికి మొత్తం తిరగరాశాడు. మనందరికీ తెలిసిన మధురవాణి ఆ రెండవ కూర్పులోనే నిండుగా వికసించింది. పన్నెండేళ్ళ తరువాత తన పనిని తానే మళ్ళీ విప్పుకున్నవాడాయన. నేను ఒక ఫాను ఆపడానికి మూడు నెలలు బిగుసుకు కూర్చున్నాను. 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం'లో విశాఖలోని ఆ పేటవాళ్ళే, సినిమా ముఖం ఎరగనివాళ్ళే, చాలామంది నటించారు. వాళ్ళ యాసను తెలుగుదేశమంతా ముచ్చటపడి విన్నది. నేనూ టిక్కెట్టు కొని విని ఆనందించాను. అది తెరమీది యాస. మా పిల్లవాడిది పరీక్ష పేపరు యాస అనుకున్నాను కాబోలు!

పుష్యమాసం వచ్చాక ఆ కుర్రవాడికి ఫోను చేశాను. సాయంత్రం గవరపాలెంలో నూకాలమ్మ గుడి దగ్గర కలుసుకున్నాం. ఫాను విషయంలో నువ్వు చెప్పినదే సరి అన్నాను. ఆనాడు సభలో నేనన్న మాట తప్పని కూడా అన్నాను. అనటానికి గుడి చుట్టూ రెండు ప్రదక్షిణాలు పట్టింది.

అతను కాసేపు ఊరుకుని అన్నాడు: "నాకేం ఫరవాలేదు మాస్టారూ. ఆ బెల్లం వండినాయన మా తాతండి. ఆవేళ హాల్లో మూడో వరసలో ఉన్నాడు. సినిమాలో కనబడతానని ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు. ఇంటికి వెళ్ళేటప్పుడు, 'నాను తప్పుగా మాటాడినానేటిరా?' అని అడిగాడండి."

నేను ఏమీ అనలేకపోయాను. తాతగారు ఎల్లా ఉన్నారని అడిగితే, బాగున్నాడని, ఇప్పుడూ గానుగ దగ్గరే ఉంటున్నాడని చెప్పాడు. నన్నొకసారి అక్కడికి తీసుకువెళ్ళమన్నాను. "రండి మాస్టారూ. పాకం దగ్గర మాత్రం మాట్లాడకండి, తాతకు కోపం" అన్నాడు.

సంక్రాంతి నాడు ఇద్దరం అత్త ఊరు వెళ్ళాం. మధ్యలో కార్తీకంలో ఆవిడకు గట్టి జ్వరం తగిలి తేరుకుంది. ఫాను ఆపాం. గోడ గడియారం కూడా తీసి పక్కగదిలో పెట్టాడు కుర్రవాడు. మైకు ఆవిడ చీర చెంగుకు తగిలించి, "ఇప్పుడు పాడండి అమ్మమ్మా" అన్నాడు. పాడింది. మొదటి నాలుగు చరణాలు గంటలాగ మోగాయి. అయిదోది ఎత్తుకుంది, ఆగింది. మళ్ళీ ఎత్తుకుంది. నా మొహంలోకి చూసి నవ్వింది. "ఆ తరవాతేదో ఉందిరా నాన్నా. జ్వరంలో ఎక్కడో పడిపోయింది" అంది. చివరికి ఆ పిల్ల అన్నగారిని ఏమడుగుతుందత్తా అని అడిగాను. "ఏదో అడుగుతుందిరా. వాడు ఇవ్వడు" అంది.

కాబట్టి ఆ పాట రెండో సగం ఇప్పుడు నా దసరా వీడియోలో, ఫాను కింద, ఒక్కచోటే ఉంది.

ఆదివారం ఆదివారం కుర్రవాడు తన కంప్యూటరు పట్టుకుని మా ఇంటికి వస్తున్నాడు. అత్త నోరు విప్పకముందు ఫాను ఒక్కటే తిరిగిన నాలుగు క్షణాలు మొదట్లో ఉన్నాయి. ఆ చప్పుడును నమూనాగా చూపిస్తే, మిగతా పాటలోంచి అల్లాంటిదాన్ని యంత్రం తీసివేస్తుందట. ఎక్కువ తీస్తే గొంతు కూడా దానితో కొట్టుకుపోయి నీళ్ళలోంచి మాట్లాడినట్టుంటుంది. అంచేత కొంచెం కొంచెంగా తీస్తున్నాడు. మా ఆవిడ కాఫీలిచ్చి, తలుపు దగ్గర నిలబడి చెవి వెనక చెయ్యి పెట్టుకుని వింటుంది. "వినబడలేదు" అంటుంది. మళ్ళీ వేస్తాడు.

మూడు చరణాలు బయటపడ్డాయి. చివరి మాట ఒక్కటి మిగిలింది. పుట్టింటికి తిరిగి వచ్చే 'బాట' అడిగి ఉంటుందని నేనంటాను. "అది 'బాట' కాదు మాస్టారూ, మీకు అల్లా కావాలని ఉంది. 'చాట' అండి" అంటాడు అతను. వాళ్ళమ్మ చెరిగిన చాట అయి ఉంటుందని మా ఆవిడ కూడా అతని పక్షమే. మరొక్కసారి వేస్తాను, ఈసారి కళ్ళు మూసుకుని వినండి అన్నాడు.