రిజిస్ట్రేషన్‌కి రేపు మాపు అంటున్నారా?

అడ్వాన్సు తీసుకున్నప్పటి హుషారు రిజిస్ట్రేషన్ వేళకు కొందరు అమ్మకందార్లలో కనిపించదు. మూఢం అంటారు, అమెరికాలోని తమ్ముడు సంతకానికి రావాలంటారు. నిజమే కావచ్చు. ఈలోగా ఆ వీధిలో ధరలు పెరిగి ఉంటే మాత్రం అనుమానించాల్సిందే!

అగ్రిమెంటు రాసుకున్నంత మాత్రాన ఇల్లు మీదైపోదు. మిగతా సొమ్ము సిద్ధంగా ఉందనీ, ఫలానా తేదీన సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు రమ్మనీ లాయరు నోటీసు పంపండి. ఆ సొమ్ముకు రుజువుగా బ్యాంకు పాస్‌బుక్కో, లోను మంజూరు పత్రమో దగ్గరుంచుకోండి. కోర్టుకెళితే ముందు చూసేది అదే. అప్పుడప్పుడూ ఈసీ తీయిస్తుంటే, ఇల్లు ఇంకొకరికి రాసేశారేమో తెలుస్తుంది.

అప్పటికీ కదలకపోతే, అగ్రిమెంటులోని గడువు తేదీ నుంచి 3 ఏళ్లలోగా దావా వేయాలి. పెద్దమనుషుల చుట్టూ తిరిగేవాళ్లకు గుర్తుండనిది ఈ లెక్కే.